కథకుణ్ణి శంకించడం నేర్పిన తరం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది 1970ల నుంచి బ్రిటన్‌లో రాయడం మొదలుపెట్టి, పాఠకులకు కోపం తెప్పించి, విమర్శకులను ఇబ్బందిపెట్టి, చివరికి ఆ దేశపు నవల నడకనే మార్చివేసిన కొందరు రచయితల గురించి. మార్టిన్ ఏమిస్, ఇయన్ మెక్‌యూవన్, జూలియన్ బార్న్స్, సల్మాన్ రష్దీ, కజువో ఇషిగురో, గ్రాహం స్విఫ్ట్ మీలో చాలామందికి తెలిసిన పేర్లే. వీళ్లకంటే వయసులో కొంత పెద్దదైన ఏంజెలా కార్టర్‌ను కూడా నేను ఈ తరంలోనే చేరుస్తాను. ఎందుకు చేరుస్తానో ముందుముందు చెబుతాను. 2023 మే 19న ఏమిస్ ఫ్లోరిడాలో అన్నవాహిక క్యాన్సర్‌తో కన్నుమూశాక ఈ తరం సాధించిందేమిటన్న చర్చ మళ్లీ మొదలైంది. ఆ చర్చలో ఎక్కువ భాగం వాళ్ల దుందుడుకుతనం చుట్టూ, స్నేహాల చుట్టూ, తగాదాల చుట్టూ తిరిగింది. నా అభిప్రాయం వేరు. వీళ్లు పాఠకుణ్ణి ఉలిక్కిపడేలా చేయడానికి వాడిన వస్తువులు చాలావరకు పాతబడిపోయాయి; కథ చెబుతున్న గొంతును నమ్మవచ్చా అని వీళ్లు లేవనెత్తిన అనుమానం మాత్రం పాతబడలేదు, అదే వీళ్లు మనకు మిగిల్చిన అసలు ఆస్తి.

ముందుగా వీళ్లు ఒక తరంగా ఎలా గుర్తింపు పొందారో చూద్దాం. 1983లో బ్రిటన్‌లోని పుస్తక వ్యాపార ప్రచార మండలి నలభై ఏళ్ల లోపు వయసున్న 20 మంది నవలాకారులను ఎంపిక చేసి, ఉత్తమ యువ బ్రిటిష్ నవలాకారులుగా ప్రకటించింది. గ్రాంటా అనే సాహిత్య పత్రిక తన ఏడో సంచికను వాళ్ల రచనలతోనే నింపింది. అది పుస్తకాల అమ్మకం పెంచడానికి చేసిన పని, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ ఆ జాబితాను ఇప్పుడు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది: ఏమిస్, మెక్‌యూవన్, బార్న్స్, రష్దీ, ఇషిగురో, స్విఫ్ట్, పాట్ బార్కర్, రోజ్ ట్రెమెయిన్, విలియమ్ బోయ్డ్, నైజీరియా నుంచి వచ్చిన బూచి ఎమెచెటా అందరూ అందులో ఉన్నారు. ఇషిగురో అప్పటికి ఒకే ఒక్క నవల ప్రచురించాడు. అంతకు మూడేళ్ల ముందు, అంటే 1980లో, ఇదే పత్రిక తన మూడో సంచికకు 'ఇంగ్లిష్ నవల అంతం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టి, అందులోనే రష్దీ ఇంకా వెలువడని నవల నుంచి ఒక భాగాన్ని అచ్చువేసింది.

ఇంగ్లిష్ నవల అంతమైందన్న దిగులు ఊరికే పుట్టలేదు. 1974 తొలి నెలల్లో విద్యుత్తు ఆదా చేయడానికి బ్రిటన్ పరిశ్రమలను వారానికి మూడు రోజులే నడిపింది. 1976లో ఆ దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు అప్పు కోసం నిలబడవలసి వచ్చింది. సామ్రాజ్యం పోయింది, ఆ పోయిన సంగతిని ఒప్పుకునే సాహిత్యం ఇంకా పూర్తిగా రాలేదు. మంచి రచయితలు లేకపోలేదు. కానీ కొత్తగా కలం పట్టిన వాళ్లకు ఎదురుగా కనిపించింది అమెరికా నవల విస్తారం, లాటిన్ అమెరికా నవల సాహసం. వాటి పక్కన మధ్యతరగతి ఇళ్లలోని చిన్న చిన్న నైతిక సంకటాలను పొందికగా చెప్పే ఇంగ్లిష్ నవల వాళ్ల కంటికి ఆనలేదు. ఏమిస్ తండ్రి కింగ్స్లీ ఏమిస్ 1954లో 'లక్కీ జిమ్' రాసి తన కాలానికి తాను తిరుగుబాటుదారు అనిపించుకున్నవాడే. కొడుకు రాసిన 'మనీ' నవలలో మార్టిన్ ఏమిస్ పేరుతోనే ఒక పాత్ర ప్రవేశించిన చోట ఆ తండ్రి పుస్తకాన్ని గాలిలోకి విసిరేశాడని కొడుకే తన జ్ఞాపకాల్లో రాశాడు. రచయిత తన కథలోకి తానే అడుగుపెట్టడం పాఠకుడితో చేసుకున్న ఒప్పందాన్ని మీరడమేనని తండ్రి నమ్మాడు. ఆ ఒప్పందమే ఈ తరం ప్రశ్నించినది కాబట్టి ఈ చిన్న సంఘటనను నేను తేలికగా తీసుకోలేను.

వాళ్లు కలుసుకున్న స్థలాల గురించి ఎక్కువ చెప్పను. న్యూ స్టేట్స్‌మన్ పత్రిక సాహిత్య విభాగంలో ఏమిస్, బార్న్స్ కలిసి పనిచేశారు. కవి ఇయన్ హామిల్టన్ సోహోలో నడిపిన న్యూ రివ్యూ పత్రిక చుట్టూ మెక్‌యూవన్‌తో సహా చాలామంది చేరారు. మాల్కమ్ బ్రాడ్‌బరీ, యాంగస్ విల్సన్ 1970లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన సృజనాత్మక రచన కోర్సుకు మెక్‌యూవన్ తొలి విద్యార్థి. పదేళ్ల తర్వాత ఇషిగురో అదే కోర్సు చదివాడు, అక్కడ అతనికి పాఠం చెప్పినవారిలో ఏంజెలా కార్టర్ ఒకరు. 1969లో మొదలైన బుకర్ బహుమతి 1980లలో టెలివిజన్ కార్యక్రమంగా మారింది, 1982లో వాటర్‌స్టోన్స్ పుస్తకాల దుకాణాలు తెరుచుకున్నాయి. రచయిత ముఖం, రచయిత అభిప్రాయం, రచయిత అందుకున్న అడ్వాన్సు అన్నీ వార్తలయ్యే కాలం వచ్చింది. 1995లో 'ది ఇన్ఫర్మేషన్' నవల కోసం ఏమిస్ తన పాత ఏజెంటు పాట్ కవానాను వదిలి మరొకరి దగ్గరికి వెళ్లడం, ఆమె భర్త అయిన బార్న్స్‌తో అతని స్నేహం తెగిపోవడం వారాల తరబడి పత్రికలకెక్కాయి. ఇంత సందడిలో ఆ పుస్తకం మంచిచెడ్డలు ఎవరికీ పట్టకుండా పోవడం విచారకరం.

ఇక రెచ్చగొట్టడం సంగతి. మెక్‌యూవన్ తొలి కథల సంపుటి 'ఫస్ట్ లవ్, లాస్ట్ రైట్స్' 1975లో వచ్చింది. 1978లో వచ్చిన 'ది సిమెంట్ గార్డెన్' నవలలో తండ్రి పోయాక తల్లి కూడా చనిపోతే, తమను అనాథాశ్రమానికి పంపేస్తారన్న భయంతో పిల్లలు ఆమె శవాన్ని ఇంటి నేలమాళిగలో సిమెంటు పోసి దాచేస్తారు. ఇతని పేరును భయానకానికి పర్యాయపదంగా మార్చి పత్రికలు ఎగతాళి చేసేవి. ఏమిస్ 1973లో 'ది రేచల్ పేపర్స్'తో మొదలుపెట్టి, రెండో నవలకు ఎవరూ పెట్టని పేరు పెట్టి, యువకుల కాముకతనూ క్రూరత్వాన్నీ నవ్విస్తూ చెప్పాడు. కార్టర్ 1979లో 'ది బ్లడీ ఛాంబర్'లో పిల్లలకు చెప్పే పాత జానపద కథలను తీసుకుని, వాటి లోపల దాగిన కామాన్నీ హింసనూ ఆడవాళ్ల వైపు నుంచి బయటికి లాగింది. ఈ ముగ్గురి ఆనాటి పుస్తకాలను ఇప్పుడు వరసగా చదివితే, నాకు కార్టర్ ఒక్కతే పూర్తిగా నిలబడినట్టు అనిపిస్తుంది. మిగతా ఇద్దరిలో పాఠకుడి ముఖం ఎర్రబడుతుందా లేదా అని పక్కనుంచి చూస్తున్న కుర్రవాడి ఆతృత కనబడుతుంది. ఉలికిపాటు మీద ఆధారపడిన రచన, పాఠకులు దానికి అలవాటుపడగానే సగం బలం కోల్పోతుంది. కార్టర్ కథల్లో ఆ బలం తగ్గకపోవడానికి కారణం, తరతరాలుగా వినిపించిన కథను మరొక గొంతుతో చెప్పించి, ఇన్నాళ్లూ ఎవరి కథ విన్నామని మనల్ని అడిగించడమే. 1983 జాబితా వేసేనాటికి ఆమెకు నలభై దాటిపోయాయి కాబట్టి అందులో లేదు. అయినా ఈ తరం ప్రశ్నను అందరికంటే ముందు అంత సూటిగా అడిగింది ఆమేనని నేను నమ్ముతాను.

ఆ ప్రశ్న దగ్గర కొంచెంసేపు ఆగుదాం. ఇషిగురో నవల 'ది రిమెయిన్స్ ఆఫ్ ది డే' 1989లో బుకర్ గెలిచింది. స్టీవెన్స్ ఒక ప్రభువు భవనంలో ముఖ్య సేవకుడు. 1923లో ఆ భవనంలో యూరప్ భవిష్యత్తు మీద ఒక రహస్య సమావేశం జరుగుతోంది. మేడమీద చిన్న గదిలో స్టీవెన్స్ తండ్రి, ఆయన కూడా జీవితమంతా సేవకుడిగా బతికినవాడు, ప్రాణం విడుస్తున్నాడు. స్టీవెన్స్ కింద అతిథులకు మద్యం పోస్తూనే ఉంటాడు. ఎక్కడా తాను బాధపడినట్టు మనకు చెప్పడు. ఉన్నట్టుండి యజమాని అతన్ని చూసి, ఏమిటి స్టీవెన్స్, ఏడుస్తున్నట్టున్నావే అని అడుగుతాడు. స్టీవెన్స్ చిన్నగా నవ్వి, రుమాలు తీసి ముఖం తుడుచుకుని, రోజంతా పని ఒత్తిడి అని క్షమాపణ చెప్పుకుంటాడు. అతను ఏడుస్తున్నాడన్న సంగతి మనకు అతని నోటి నుంచి రాలేదు, పక్కవాడి ప్రశ్న నుంచి వచ్చింది. ఉత్తమ పురుషలో సాగే కథనంలో, చెప్పేవాడికి తెలియకుండా, చెప్పేవాడి మీదుగా నిజాన్ని పాఠకుడికి చేరవేయడం ఎంత కష్టమో నవల రాయడానికి ప్రయత్నించిన వాళ్లకు తెలుస్తుంది. ఆ యజమాని తర్వాతి కాలంలో నాజీలకు చేరువైనవాడు. తన వృత్తి గౌరవం పేరుతో స్టీవెన్స్ దాచుకున్నది కొడుకుగా తన దుఃఖాన్ని ఒక్కదాన్నే కాదని, తాను ఎవరికి సేవ చేశాడన్న ప్రశ్నను కూడా అని మనకు నెమ్మదిగా అర్థమవుతుంది.

ఏమిస్ 1991లో రాసిన 'టైమ్స్ ఏరో' దీనికి మరో కొస. ఒక నాజీ వైద్యుడి జీవితాన్ని అతని మరణం నుంచి పుట్టుక వైపు వెనక్కి నడిపిస్తాడు. కథ చెప్పేది ఆ వైద్యుడి లోపల ఉన్న ఒక చైతన్యం. దానికి జరుగుతున్నది కనిపిస్తుంది కానీ కాలం తిరగబడిందని తెలియదు. అమెరికా ఆసుపత్రిలో ఉన్నంతకాలం దానికి అంతా ఘోరంగా కనిపిస్తుంది: ఆరోగ్యంగా ఉన్నవాళ్లు లోపలికి వస్తారు, వైద్యులు వాళ్లకు గాయాలు చేసి వీధిలోకి పంపుతారు. కథ ఆష్విట్జ్ మరణశిబిరానికి చేరేసరికి ఆ గొంతు మొదటిసారి సంతోషిస్తుంది. అక్కడ పొగలోంచి, బూడిదలోంచి మనుషులు తయారవుతున్నారు. వాళ్ల పళ్లలో బంగారం పెడుతున్నారు, బట్టలు ఇస్తున్నారు, కుటుంబాలను కలిపి రైళ్లలో ఇళ్లకు పంపుతున్నారు. లోకానికి ఇప్పటికి ఒక అర్థం వచ్చిందని కథకుడు అనుకుంటాడు. చదివేవాడు ప్రతి వాక్యాన్నీ తన మనసులో తిరగేసుకోవాలి, అలా తిరగేసిన ప్రతిసారీ జరిగిన దారుణాన్ని తన చేతులతో తానే మళ్లీ పేర్చుకోవలసి వస్తుంది. ఇంత పెద్ద మారణకాండను ఒక శిల్ప విన్యాసంగా మార్చడం తగునా అని అప్పుడు అడిగినవాళ్లు ఉన్నారు, అడగడం న్యాయమే. నా మట్టుకు నాకు, వైద్యం అనే వృత్తి తలకిందులైన చోటును చెప్పడానికి తలకిందులైన కథనం తప్ప మరో దారి అంత నిజాయితీగా ఉండేది కాదనిపిస్తుంది.

రష్దీ 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్'లో కథకుడు సలీమ్ సినాయ్ గాంధీజీ హత్య తేదీని తప్పుగా చెబుతాడు. తర్వాత ఆ తప్పును తానే గుర్తించి, దిద్దకుండా వదిలేస్తాడు. తన జ్ఞాపకంలోని భారతదేశంలో అది అలాగే జరుగుతుందంటాడు. 1981లో బుకర్ గెలిచిన ఆ నవల అప్పటినుంచి ఆ బహుమతి చరిత్రలోనే ఉత్తమమైనదిగా 1993లో, 2008లో మళ్లీ ఎంపికైంది. మెక్‌యూవన్ 'అటోన్‌మెంట్'లో పదమూడేళ్ల బ్రయనీ 1935లో ఒక యువకుడి మీద మోపిన తప్పుడు నేరం అతని జీవితాన్నీ అతన్ని ప్రేమించిన అక్క జీవితాన్నీ నాశనం చేస్తుంది. చివరి భాగంలో, 1999లో, జ్ఞాపకశక్తి పోగొట్టే జబ్బు మొదలైన 77 ఏళ్ల నవలా రచయిత్రిగా ఆమె అసలు సంగతి చెబుతుంది: ప్రేమికులిద్దరూ 1940లోనే చనిపోయారు, వాళ్లు మళ్లీ కలిశారని మనం చదివి తేలికపడిన ఘట్టం ఆమె కల్పన. అక్కడ పుస్తకం మూసి చాలామంది పాఠకులు మోసపోయామని కోప్పడతారు. ఆ కోపం సరైనదే. తాను చేసిన అన్యాయాన్ని రాతతో సరిదిద్దుకునే అధికారం రచయితకు ఎవరిచ్చారని అడగడానికే ఆ నవల రాసినట్టుంది. బార్న్స్ 'ఫ్లోబేర్స్ పారట్' నుంచి 2011లో బుకర్ పొందిన 'ది సెన్స్ ఆఫ్ యాన్ ఎండింగ్' దాకా ఇదే చూస్తాం. గతాన్ని తవ్వే మనిషి చివరికి బయటపెట్టేది తన అజ్ఞానాన్నే.

పరస్పరం ఏమాత్రం పోలిక లేని శైలులు వీళ్లవి. ఇషిగురో వాక్యం గొంతు ఎత్తదు. ఏమిస్ వాక్యం గొంతు తగ్గించదు. 1984 నాటి 'మనీ'లో ప్రకటనల చిత్రాలు తీసే జాన్ సెల్ఫ్ అనే తాగుబోతు లండన్, న్యూయార్క్ నగరాల మధ్య డబ్బు, తిండి, బూతుచిత్రాల వెంట పరుగులు తీస్తాడు. మార్గరెట్ థాచర్ ఏలుబడిలో డబ్బు మాట్లాడటం మొదలుపెట్టిన తీరును అంత దగ్గరగా విన్న నవల మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. అరిగిపోయిన మాటను వాడటం అంటే అరిగిపోయిన ఆలోచనను, అరిగిపోయిన అనుభూతిని ఒప్పుకోవడమేనని ఏమిస్ జీవితమంతా నమ్మాడు, తన విమర్శ వ్యాసాల సంపుటికి ఆ పోరాటం పేరే పెట్టుకున్నాడు.

ఇంత చెప్పాక వీళ్ల లోపాలను దాటవేస్తే నేను వీళ్ల దగ్గర ఏమీ నేర్చుకోనట్టే అవుతుంది. అందరి గొంతునూ శంకించిన ఈ మగ రచయితలు ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తమ గొంతును తక్కువగా శంకించారు. ఏమిస్ 'లండన్ ఫీల్డ్స్' 1989లో బుకర్ తుది జాబితాకు చేరకపోవడానికి, న్యాయనిర్ణేతల్లో ఇద్దరు స్త్రీలు అందులోని స్త్రీ పాత్ర చిత్రణకు అభ్యంతరం చెప్పడమే కారణమని ఆ సంఘం అధ్యక్షుడు డేవిడ్ లాడ్జ్ తర్వాత బయటపెట్టాడు. ఆ అభ్యంతరం సంకుచితమని చాలాకాలం ప్రచారమైంది. ఆ నవలను మళ్లీ చదివినవాళ్లకు, తన హత్యను తానే ఏర్పాటు చేసుకునే నికోలా సిక్స్ ఒక మనిషిగా కంటే ఒక మగవాడి ఊహగానే మిగిలిందని ఒప్పుకోక తప్పదు. 1991లో 'టైమ్స్ ఏరో' ఉన్న బుకర్ తుది జాబితాలో ఆరుగురూ పురుషులే. ఆ అసంతృప్తి నుంచే స్త్రీల నవలలకు ప్రత్యేక బహుమతి కావాలన్న ఆలోచన పుట్టి, 1996 నుంచి ఆరెంజ్ బహుమతిగా అమలైంది. అదే 1983 జాబితాలోని పాట్ బార్కర్ ఉత్తర ఇంగ్లండ్ కార్మిక స్త్రీల జీవితాలను, తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు చెదిరిన సైనికులను రాసింది. ఎమెచెటా లండన్‌లో పిల్లలను ఒంటరిగా పెంచుకుంటూ వలస వచ్చిన నల్లజాతి స్త్రీ బతుకును రాసింది. తరం అనగానే నలుగురైదుగురు మగవాళ్ల ఫొటో గుర్తుకు రావడం సాహిత్య చరిత్ర చేసిన అన్యాయం.

ఏమిస్ 2006లో ఒక ఇంటర్వ్యూలో ముస్లిం సమాజం మొత్తం బాధలు పడాలన్న కోరిక కలుగుతుందన్న అర్థంలో మాట్లాడాడు. విమర్శకుడు టెర్రీ ఈగిల్టన్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. అది ఆ క్షణపు ఆవేశమని, తాను సమర్థించే విధానం కాదని ఏమిస్ తర్వాత వివరించుకున్నాడు. ఒక సముదాయాన్ని ఒకే ముఖంగా చూడటమే అతను జీవితమంతా పోరాడిన అరిగిపోయిన ఆలోచన కాబట్టి, ఆ మాట అతని రచనకే ద్రోహమని నేను భావిస్తాను. అదే మనిషి 2000లో 'ఎక్స్‌పీరియెన్స్' అనే జ్ఞాపకాల పుస్తకంలో, 1973లో అదృశ్యమై ఇరవై ఏళ్ల తర్వాత ఒక హంతకుడి ఇంట్లో అవశేషాలుగా దొరికిన, తనకు తల్లివైపు చెల్లెలి వరస అయ్యే యువతి గురించి, ఏ ఆడంబరమూ లేకుండా, అపారమైన ప్రేమతో రాశాడు. నా దృష్టిలో అతని పుస్తకాలన్నిటిలో అది ముందు వరసలో ఉంటుంది.

రష్దీ చెల్లించిన మూల్యం మిగతావాళ్లెవరితోనూ పోల్చదగినది కాదు. 'ది సటానిక్ వర్సెస్' 1988 సెప్టెంబరులో వెలువడింది. అక్టోబరులో భారత ప్రభుత్వం దాని దిగుమతిని నిషేధించింది. ఇరాన్ మతాధినేత 1989 ఫిబ్రవరి 14న మరణశాసనం జారీచేయడానికి నాలుగు నెలల ముందే. జపనీస్ అనువాదకుడు హితోషి ఇగరాషీ 1991లో హత్యకు గురయ్యాడు. రష్దీ ఏళ్ల తరబడి పోలీసు రక్షణలో ఇళ్లు మారుతూ బతికాడు, తొలి రోజుల్లో మెక్‌యూవన్ అతనికి తలదాచుకునే చోటు ఇచ్చాడు. 2022 ఆగస్టు 12న న్యూయార్క్ రాష్ట్రంలోని చటాక్వాలో వేదిక మీద జరిగిన కత్తిదాడిలో అతని కుడి కన్ను చూపు పోయింది. ఆ పుస్తకం వల్ల విశ్వాసుల మనసు నొచ్చుకున్నది నిజం, ఆ నొప్పిని నేను చిన్నచూపు చూడను. కానీ నొప్పికి బదులుగా ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదని ఈ వేదిక మీద నుంచి చెప్పడం నా బాధ్యత. 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ముందు ఆ నిషేధపు ఉత్తర్వు ప్రతిని అధికారులెవరూ చూపలేకపోయారు. అలాంటి ఉత్తర్వు లేదనే భావించాల్సి వస్తుందని కోర్టు చెప్పడంతో, ఆ పుస్తకం ఢిల్లీ దుకాణంలో మళ్లీ కనిపించింది.

రష్దీతో తెలుగువాళ్లకు ఒక లెక్క తేలవలసి ఉంది. 1997లో, స్వాతంత్ర్యం వచ్చిన యాభై ఏళ్ల భారతీయ రచనల సంకలనానికి సంపాదకుడిగా, భారతీయులు ఇంగ్లిష్‌లో రాసిన వచనం దేశభాషలన్నిటిలో వచ్చినదానికంటే బలమైనదని అతను ప్రకటించాడు. ఆ సంకలనంలో చేరిన ఒకే ఒక్క అనువాదం ఉర్దూ రచయిత మంటో కథ. రావిశాస్త్రి 'అల్పజీవి'ని, ఉస్మానియా విద్యార్థి ఒకరి ఒక్కరోజు మనోలోకాన్ని నవలంతా పరిచిన నవీన్ 'అంపశయ్య'ను చదవకుండా ఆ తీర్పు చెప్పడం సాధ్యమైంది, ఎందుకంటే వాటిని చదవగలిగే స్థితిలో అతను లేడు. కథకుడికి అన్నీ తెలియవని అంత అందంగా చెప్పినవాడు సంపాదకుడి కుర్చీలో ఆ మాట మరిచిపోయాడు. అతని 'విక్టరీ సిటీ' 2023లో వచ్చింది. విజయనగరాన్ని 247 ఏళ్లు బతికిన పంపా కంపన అనే స్త్రీ రాసిన కావ్యంగా అది చెబుతుంది. శ్రీకృష్ణదేవరాయలను మనవాడిగా తలచుకునే మనం ఆ పుస్తకాన్ని కోపం లేకుండా, మొహమాటం కూడా లేకుండా చదివి మాట్లాడాలి.

తర్వాతి తరం వీళ్ల దగ్గర తీసుకున్నదేమిటో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ఏమిస్ 2014 నాటి నవల 'ది జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్' ఆధారంగా జొనాథన్ గ్లేజర్ తీసిన చిత్రం, ఏమిస్ మరణించిన రోజునే కాన్‌లో మొదటిసారి ప్రదర్శితమై, తర్వాత ఉత్తమ అంతర్జాతీయ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. దర్శకుడు నవలలోని ప్రేమకథను, ముగ్గురు కథకులను, హాస్యాన్ని వదిలేశాడు. నవలలో మారుపేరుతో ఉన్న ఆష్విట్జ్ శిబిరాధికారిని అసలు పేరుతోనే చూపాడు. మిగుల్చుకున్నది గోడకు ఇవతల తోట పెంచుకునే కుటుంబాన్ని, గోడకు అవతలి శబ్దాలను. ఏమిస్ వాక్యాల్లో ఒక్కటీ మిగలకపోయినా, నేరంలో మునిగినవాడి ఇంటి వైపు నుంచి చూడమన్న అతని పట్టుదల మిగిలింది.

మెక్‌యూవన్ తన తొలి పుస్తకం వచ్చిన యాభై ఏళ్లకు, 2025లో, 'వాట్ వి కెన్ నో' అనే నవల ప్రచురించాడు. సముద్రమట్టాలు పెరిగి బ్రిటన్ ద్వీపాల గుంపుగా మారిన 2119లో ఒక సాహిత్య పరిశోధకుడు, 2014లో ఒక కవి తన భార్య పుట్టినరోజున చదివి, ఆ తర్వాత ఎవరికీ దొరకని పద్యం కోసం వెతుకుతుంటాడు. ఆ దంపతుల ఉత్తరాలు, డైరీలు, సందేశాలు అన్నీ అతనికి కంఠోపాఠమే; ఆ స్త్రీ తనకు పూర్తిగా తెలుసని అతని నమ్మకం. పుస్తకం రెండో భాగంలో మెక్‌యూవన్ అతన్ని పక్కకు జరిపి, కథను ఆ భార్యకే అప్పగిస్తాడు. ఆమె చెప్పే జీవితం పరిశోధకుడు రాసిపెట్టుకున్న దానికి ఎక్కడా సరిపోలదు.

ఇంతసేపు ఓపికగా విన్నందుకు ధన్యవాదాలు. మీ ప్రశ్నల కోసం ఎదురుచూస్తున్నాను.